అది నటన కాదు, జబ్బు

మన పత్రికలో పెండ్లిళ్లు, మార్కండేయ జయంతి, పిల్లల పరీక్షలు, మిల్లు బకాయిల ముచ్చట్లు ఎక్కువగా వస్తయి. ఈసారి నేను ఒక జబ్బు గురించి రాస్తున్న. దాని పేరు డిస్టోనియా. పేరు కొత్తగ వినబడుతున్నా జబ్బు కొత్తది కాదు. మన పేటలల్ల, మన చాళ్లల్ల ఇది ఉన్నది. కాని మనం దాన్ని ఆ పేరుతో పిలువం. గాలి సోకింది అంటం, మెడ పట్టింది అంటం, వాతం అంటం. అన్నిటికంటె ఎక్కువ "నాటకం చేస్తున్నది" అంటం. ఆ చివరి మాట మా ఇంటామె చాన ఏండ్లు పడ్డది. ఇంకెవరూ ఆ మాట పడొద్దని ఇది రాస్తున్న.

నేను సోలాపూర్‌లో నలబై ఏండ్లు సాంచల మీద పనిచేసిన. చాదర్లు నేసిన, టవెళ్లు నేసిన. చదువు నాలుగో తరగతి దాకనే. డాక్టరీ మాటలు నా సొంతం కావు. మా పెద్దబిడ్డ కూతురు నర్సింగు చదువుతున్నది. ఆమె పుస్తకాలు చూసి చెప్పినయి, దవాఖానల చుట్టు తిరిగినప్పుడు మేము విన్నయి, ఇంట్ల కండ్లార చూసినయి – మూడూ కలిపి రాస్తున్న.

2011 దసరా దాటినంక మొదలైంది. మా ఇంటామెకు అప్పుడు 46 ఏండ్లు. పెండ్లయి వచ్చిన నాటి నుంచి బీడీల పనే. గోడకు ఒరిగి, ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు మీద తల వంచితే పొద్దుగూకినంకనే ఎత్తేది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే చెయ్యి అది. ముందుగాల మెడల ఎడమ దిక్కు ఒక ఈడుపు వచ్చింది. నాలుగు నెలలు తిరిగేసరికి తల దానంతట అదే ఎడమ భుజం దిక్కు తిరుగుడు షురూ అయింది. చేతితోటి సరిచేసుకుంటది, కొంచెం సేపటికి మళ్ల తిరుగుతది. తల సన్నగ వణికేది. మెడ నుంచి భుజం దాకా నొప్పి. చాట దిక్కు సూటిగ చూడరాదు. వెయ్యి బీడీలు ఆరువందలైనయి, ఆరువందలు మూడువందలైనయి. అశోక్ చౌక్ కాడ రోడ్డు దాటాలంటే తల తిరగదు కాబట్టి ఒళ్లు మొత్తం తిప్పి బండ్లు వస్తున్నయా అని చూసేది.

ఇందులో మూడు వింతలు ఉండె. ఒకటి, నిద్రపోయిందంటే మెడ నిటారుగ ఉండేది. తిరుగుడు లేదు, వణుకుడు లేదు. రెండు, నలుగురు చూస్తున్నరంటే ఎక్కువయ్యేది. పెండ్లిల, బీడీ బ్రాంచి కాడ లైన్ల నిలబడ్డప్పుడు, చుట్టాలు వచ్చినప్పుడు తల ఇంకింత తిరిగేది. మూడు, ఒక వేలు చెంప మీద ఆనిచ్చిందంటే మెడ నిలబడేది. బలంగ నొక్కుడు కాదు, ఉత్తగ తాకించుడే. వేలు తీసిందంటే మళ్ల ఎడమకే.

ఈ మూడు చూసి వాడకట్టు మొత్తం ఒక్కటే తీర్పు చెప్పింది. "నిద్రల లేని జబ్బు మెలుకువల ఎట్ల వస్తది?" అన్నదొకామె. పక్కింటామె మొగం మీదనే అన్నది: "వేలు పెడితే నిలబడే మెడ, తీస్తే ఎందుకు తిరుగుతది వదినా? బీడీలు చుట్టవశం గాక పడుతున్న ఏషాలు గాకపోతే!" మా ఇంటామె ఏం జవాబు చెప్తది? ఆమెకే తెల్వది కదా. ఊకున్నది. ఆనాటి నుంచి చెంప మీద వేలు పెట్టుకునుడు కూడ సిగ్గుపడి, కొంగు చాటున పెట్టుకునుడు మొదలుపెట్టింది.

డాక్టర్లు కూడ వెంటనే పట్టుకోలేదు. ఒకాయన ఎక్స్‌రే తీసి బొక్కలు అరిగినయన్నడు, మెడకు పట్టా ఇచ్చిండు. పట్టా కట్టుకుంటే నొప్పి ఇంకా ఎక్కువైంది, ఎందుకంటే లోపల మెడ తిరుగుతనే ఉంటది, పట్టా అడ్డం పడుతది. ఇంకొకాయన ఇది మనసు జబ్బు, ఇంట్ల ఏమన్న కొట్లాటలున్నయా అని అడిగిండు. తాయెత్తులు కట్టిన్రు. ఒకడు మెడ విరుస్తనని వచ్చిండు, మా ఇంటామె దండం పెట్టి వద్దన్నది. ఆమె వద్దన్నది మంచిదైంది. మెడను అట్ల గుంజి విరిస్తే నరం దెబ్బతినే ముప్పు ఉంటదని తర్వాత డాక్టరు చెప్పింది.

ఈ నడుమనే మా చిన్నబిడ్డకు సంబంధం వచ్చింది. 2012లో, భీవండి నుంచి మనోళ్లే. పిల్లగాడు మంచోడు, లూములు ఉన్నయి. చూపులకు వచ్చిన్రు. మా ఇంటామె చాయ్ ఇచ్చి కూసున్నది. పదిమంది చూపు పడేసరికి మెడ నిలబడలేదు. వేలు ఆనించుకుంటే చూస్తరని, ఆనించుకోకపోతే మెడ తిరుగుతదని – ఆ గంటసేపు ఆమె పడ్డ బాధ నాకు ఎరుక. వారం దినాలకు కబురు వచ్చింది: "తల్లికి గట్ల ఉన్నది, రేపు పిల్లకు వస్తే?" సంబంధం పోయింది. ఆ రాత్రి ఆమె ఒక్క మాటన్నది: "నా మెడ పోయి నా బిడ్డ మెడకు పడ్డది." అంతే, మళ్ల ఆ ముచ్చట ఎత్తలేదు.

2014లో మా తమ్ముడు హైదరాబాదుకు రమ్మన్నడు. అక్కడ ఒక పెద్ద దవాఖానలో నరాల డాక్టరు, ఆడమనిషి, మన తెలుగులోనే మాట్లాడింది. మేం లోపలికి పోయి కూసున్నం. కాయిదాలు చూడలేదు, ముందు మనిషిని చూసింది.

"అమ్మా, ఆ వేలు ఎందుకు పెట్టుకున్నరు?"

"పెడితే మెడ నిలబడుతది మేడం."

"ఎవరు నేర్పిన్రు?"

"ఎవరు నేర్పలే. పెట్టుకుంటుంటే నిలబడ్డది."

"నిద్రల తిరుగుతదా?"

"తిరగది."

"మంది ముందట?"

"మస్తు తిరుగుతది మేడం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "అమ్మా, మీరు చెప్పిన మూడూ ఈ జబ్బు గుర్తులే" అన్నది. వాడకట్టు ఏ మూడింటిని చూసి నాటకం అన్నదో, ఆ మూడింటినే చూసి ఆమె జబ్బు పేరు చెప్పింది. మెడకు వచ్చే డిస్టోనియా. సర్వైకల్ డిస్టోనియా అంటరు. తల స్కానింగు రాసింది, కాని అది వేరే జబ్బులు లేవని చూసుకునేటందుకే. ఈ రకం డిస్టోనియాను ఏ రక్తపరీక్షా, ఏ స్కానింగూ పట్టి చూపదు. తెలిసిన డాక్టరు కండ్లే పరీక్ష. రెండున్నర ఏండ్ల నుంచి దొరకని పేరు పావుగంటల దొరికింది. బయటికొచ్చి వరండాల కూసోని మా ఇంటామె ఏడ్చింది. జబ్బు ఉన్నదని కాదు, తాను అబద్ధం ఆడతలేదని ఒకరు చెప్పినందుకు.

ఇప్పుడు ఈ జబ్బు లోపల ఏం జరుగుతదో చెప్తా. సాంచ ఎరిగినోళ్లకు ఇది కష్టం కాదు.

మన సాంచ మీద హీల్డు ఫ్రేములు ఉంటయి కదా. ఒకటి పైకి పోతే ఇంకొకటి కిందికి రావాలె. అప్పుడే పోగుల నడుమ దారి తెరుచుకొని నాడె అటునుంచి ఇటు పోతది. రెండు ఫ్రేములూ ఒక్కసారి పైకి లేచినయనుకోండి. దారి ఉండదు. నాడె ఇరుకుతది, పోగులు తెగుతయి. మన ఒంట్ల కండరాలు కూడ ఇట్లనే జోడీలు జోడీలుగ ఉన్నయి. మెడ ఎడమకు తిరగాలంటే కొన్ని గుంజాలె, వాటి ఎదురు కండరాలు వదలాలె. ఎవరు గుంజాలె, ఎవరు వదలాలె అని చెప్పేది మెదడు. డిస్టోనియాలో మెదడు ఇచ్చే ఆ హుకుం తప్పుతది. వదలాల్సినయి కూడ గుంజుతయి. అవసరం లేని కండరాలు కూడ నడుమ జొరబడుతయి. మనిషి అనుకోకుండనే ఒళ్లు మెలిపడుతది, వంకరపోతది, వణుకుతది.

ఫ్రేములు తప్పు లేస్తే జాబర్ ఏం చేస్తడు? ఫ్రేమును తిట్టడు, పోగును తిట్టడు. కిందికి వంగి ట్యాపెట్ చూస్తడు. ఫ్రేములను ఎత్తేది, దించేది అదే కాబట్టి. డిస్టోనియాలో కూడ కండరం మంచిదే, బొక్క మంచిదే. తేడా పైన మెదడులో. మెదడు లోపల అడుగున బేసల్ గాంగ్లియా అనే ముద్దలు ఉంటయి. కదలికలకు తూకం పెట్టేది అవి. వాటి నుంచి చిన్నమెదడు దాకా ఉండే దారులల్ల కబుర్లు తారుమారు అయితయి. అందుకే మెడకు ఎంత నూనె రాసి తోమినా తిరుగుడు పోదు. తోమితే నొప్పికి కొంచెం సుఖం, అంతే.

మరి ఆ మూడు వింతలు? నిద్రల మనిషి కదలికలకు హుకుములు ఉండయి కాబట్టి మెలిక వదులుతది. మంది ముందట, రంధి పడ్డప్పుడు, అలసిపోయినప్పుడు ఏ కదలిక జబ్బైనా ఎక్కువైతది. చెయ్యి వణికే మనిషి కప్పుసాసరు పట్టుకొని పదిమందిల నడిస్తే ఇంకింత వణుకుతది కదా, అట్లనే. ఇక వేలు ముచ్చట. చెంపకు వేలు తాకితే ఆ స్పర్శ మెదడుకు పోతది. ఆ కబురుతో తప్పు హుకుం కొంచెం సేపు సర్దుకుంటది. వేలు మెడను పట్టి ఆపదు. కొందరికి చెంపకు, కొందరికి గదువకు, కొందరికి తల వెనుక గోడ ఆనితే నిలబడుతది. నేర్పకుండనే ఎవరికి వాళ్లకు దొరుకుతది. వేలు పెడితే నిలబడుడు నటనకు సాక్ష్యం కాదు, జబ్బుకు సాక్ష్యం.

మన పక్కింటామెను కూడ నేను తప్పుపట్టను. ఎందుకంటే పెద్ద పెద్ద డాక్టర్లే ఆ మాటన్నరు. 1890లలో పారిస్‌లో బ్రిసో అని పేరున్న డాక్టరు ఉండె. ఒక్క వేలితో నిలబడే మెడ తిరుగుడు మనసుకు పుట్టిందే అని రాసిండు. 1911లో బెర్లిన్‌లో ఓపెన్‌హైమ్ అనే డాక్టరు మెలికలు పడే పిల్లలను చూసి, ఇది మనసుది కాదు, నరాలది అని చెప్పి డిస్టోనియా అనే పేరు పెట్టిండు. బిగువు తప్పుడు అని దాని అర్థం. బీము మీద పోగుల బిగువు తప్పితే గుడ్డ ఎట్లయితదో మనకు ఎరుకే. అయినా ఆ తర్వాత కూడ ఎన్నో ఏండ్లు ఈ జబ్బు ఉన్నోళ్లను మనసు డాక్టర్ల కాడికే తోలిన్రు. 1970లు, 80లల్ల లండన్‌లో మార్స్‌డెన్ అనే డాక్టరు, ఆయన జతగాళ్లు మెడ తిరుగుడు, కండ్లు మూసుకపోవుడు, రాసేటప్పుడు చెయ్యి వంకరపోవుడు – ఇవన్నీ ఒక్క జబ్బు కొమ్మలే, మెదడులో పుట్టినయే అని గట్టిగ చూపించిన్రు. అంటే వాడకట్టు ఆడోళ్లకు తెలియనిది లోకానికే మొన్నమొన్న తెలిసింది.

ఆ కొమ్మలేందో కూడ చెప్తా, మీ ఇంట్ల ఎవరికన్న ఉంటే గుర్తుపట్టవచ్చు. కొందరికి కండ్ల రెప్పలు గట్టిగ మూసుకపోతయి. చూపు మంచిగనే ఉంటది, రెప్పలు తెరుచుకోవు. ఎండల, టీవీ ముందట ఎక్కువైతది. కొందరికి గొంతు నరాల కాడ పట్టేసి మాట ముక్కలు ముక్కలుగ వస్తది. కొందరికి దవడ, నాలుక. కొందరికి ఒక్క పని చేసేటప్పుడే చెయ్యి వంకరపోతది. మా కార్ఖానల ఒక మునీమ్ ఉండె. పెన్ను పట్టిండంటే వేళ్లు బిగుసుకపోయి మణికట్టు లోపలికి తిరిగేది. అదే చేతితోటి స్కూటరు నడిపేటోడు, అన్నం తినేటోడు, మంచిగనే. సేటు ముందట దొంగ అన్న పేరు పడ్డది. అది కూడ డిస్టోనియానే. ఒక్క పనికే వచ్చే రకం. ఏండ్ల తరబడి ఒకటే సన్నపని చేసే చేతులకు ఇది వస్తది – రాసేటోళ్లకు, కుట్టేటోళ్లకు, వాయించేటోళ్లకు.

అమెరికాలో లియోన్ ఫ్లైషర్ అని పియానో వాయించే గొప్పాయన ఉండె. 1964లో, 36 ఏండ్లప్పుడు, కుడిచేతి చివరి రెండు వేళ్లు లోపలికి ముడుచుకపోయినయి. ముప్పై ఏండ్ల దాకా ఎక్కువగ ఎడమచేతితోనే వాయించిండు, పిల్లలకు నేర్పిండు. తర్వాత 1990లలో సూది మందు దొరికి, మళ్ల రెండు చేతులతోటి వాయించిండు. అంత పేరున్నాయన చేతికి వచ్చిందే మన మునీమ్ చేతికీ వచ్చింది. ఆయనకు జబ్బు అని పేరు, ఈయనకు దొంగ అని పేరు. జబ్బు మాత్రం పెద్దా చిన్నా చూడదు.

ఇక్కడ మూడు సంగతులు జాగ్రత్తగ చదవండి. ఇవి తెలిస్తే ఒక మనిషి బతుకు నిలబడవచ్చు.

మొదటిది. రెండేండ్ల కింద మా సందుల ఒక పద్దెనిమిదేండ్ల పిల్లగాడికి వాంతులైతే సూది ఇప్పించిన్రు. సాయంత్రానికి వాని మెడ వెనుకకు విరిగినట్టయింది, కనుగుడ్లు పైకి పోయినయి, నాలుక బయటికి వచ్చింది. తల్లి బోరున ఏడుస్తున్నది, దయ్యం పట్టిందని నిమ్మకాయలు తెచ్చిన్రు. మా ఇంటామె చూసి, "ఇది నా అసొంటిదే, దయ్యం గాదు బిడ్డా, ఆటో పిలువున్రి" అన్నది. సర్కారు దవాఖానకు తీసుకపోతే ఇంకొక సూది వేసిన్రు, అరగంటల వాడు లేచి నీళ్లు తాగిండు. వాంతులు ఆపే కొన్ని మందులు – మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరాజిన్ అసొంటివి – మనసు జబ్బులకు ఇచ్చే హాలోపెరిడాల్ అసొంటివి, కొందరికి, ముఖ్యంగ వయసు పిల్లలకు, గంటలల్లనో రెండుమూడు దినాలల్లనో ఇట్ల చేస్తయి. దీనికి విరుగుడు ఉన్నది, తొందరగ పనిచేస్తది. మందు చీటీ, గోళీల పట్టీ వెంట తీసుకొని వెంటనే దవాఖానకు పోవాలె. ఆ మందు పేరు రాసిపెట్టుకొని, ఏ డాక్టరు కాడికి పోయినా ముందే చెప్పాలె. మనసు జబ్బు గోళీలు వేసుకునేటోళ్లు మాత్రం భయపడి సొంతంగ బంద్ చేయొద్దు, డాక్టరుకు చెప్పాలె.

రెండోది. బడి పిల్లలకు, వయసు పిల్లలకు చెయ్యి కాలు వంకరపోవుడు, చేతిరాత చెడిపోవుడు, మాట ముద్దగ వచ్చుడు, చొంగ కారుడు, చెయ్యి వణుకుడు కనబడితే ఊకోవద్దు. అందులో కొందరికి ముందే కామెర్లు వచ్చి పోయి ఉంటయి. అది విల్సన్ జబ్బు కావచ్చు. 1912లో లండన్‌లో విల్సన్ అనే డాక్టరు రాసిండు కాబట్టి ఆ పేరు. మనం తినే తిండిల ఉండే రాగి బయటికి పోక, కార్జంల, మెదడుల పేరుకపోతది. కండ్ల డాక్టరు మిషిను పెట్టి చూస్తే నల్లగుడ్డు చుట్టు ఇటుకరంగు వలయం కనబడవచ్చు. దీనికి మందు ఉన్నది. తొందరగ పట్టుకుంటే పిల్ల మంచిగైతది, కాని మందు జీవితాంతం వేసుకోవాలె. ఇది తల్లి దిక్కు నుంచి ఒకటి, తండ్రి దిక్కు నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులు కలిస్తేనే వస్తది. తల్లిదండ్రులు ఇద్దరికీ అది ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పుల నాలుగు పాళ్లల్ల ఒక పాలు వచ్చే అవకాశం. మనల్ల మేనరికాలు ఇంకా ఉన్నయి. దగ్గరి రక్తంల చేసుకుంటే ఇసొంటి జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతది. ఒక పిల్లకు ఉన్నదని తేలితే తోడబుట్టినోళ్లందరినీ చూపించాలె.

మూడోది. పొద్దున మంచిగ నడిచే పిల్ల సాయంత్రానికి పాదం మెలిపడి కుంటుతున్నదంటే నరాల డాక్టరుకు చూపించండి. జపాన్‌లో సెగావా అనే డాక్టరు 1970లల్ల ఈ రకం జబ్బు సంగతి చెప్పిండు. ఇది ఉన్న పిల్లలకు లెవోడోపా అనే గోళీ చిన్న మోతాదుల ఇస్తే, కుంటే పిల్లలు ఉరుకుతరు. పుట్టుకతోటే అవిటి అనుకొని ఇంట్ల కూసోబెట్టిన పిల్లలల్ల కూడ ఇది ఉన్నోళ్లు దొరికిన్రు. అందుకే ఒక్కసారన్న ఆ గోళీ ఇచ్చి చూస్తరు.

ఇగ మా ఇంటామె వైద్యం ముచ్చట. ముందుగాల గోళీలు ఇచ్చిన్రు. ట్రైహెక్సిఫెనిడిల్ అనే గోళీతో నోరు ఎండిపోయింది, మలబద్ధకం వచ్చింది, పెట్టిన వస్తువు మతికి రాకుండ పోయింది. తగ్గించిన్రు. తర్వాత సూది మందు. బొటులినమ్ టాక్సిన్ అంటరు. అసలుకు అది విషం. చెడిపోయిన తిండిల పుట్టే ఒక పురుగు చేసేది. తింటే ప్రాణం తీస్తది. అదే విషాన్ని అతి సన్న మోతాదుల కండరంలకు ఎక్కిస్తే మందు అయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్కాట్ అనే కండ్ల డాక్టరు మెల్లకండ్లకు దీన్ని వాడి చూపించిండు. 1989లో అమెరికా సర్కారు మెల్లకు, రెప్పల బిగువుకు ఒప్పుకున్నది, 2000లో మెడకు.

అది పనిచేసే తీరు ఇది. నరం చివర నుంచి కండరానికి గుంజు అనే కబురు పోతది. ఆ కబురును ఈ మందు అక్కడనే ఆపుతది. కార్ఖాన మొత్తం కరెంటు బంద్ చేయకుండ, చెడ్డ సాంచ ఒక్కదాని పట్టా తీసినట్టు. అందుకే ఏ కండరం ఎక్కువ గుంజుతున్నదో తెలిసిన డాక్టరే వేయాలె. వేసిన దినమే గుణం కనబడదు. మా ఇంటామెకు పదో దినానికి మెడ వదులైంది. మూడు నెలలు ఉంటది, మెల్లగ దిగిపోతది, మళ్ల వేయించాలె. కొందరికి కొన్ని దినాలు మింగుడు కష్టమైతది, మెడ బలహీనంగ ఉంటది. మింగరాకున్నా, ఊపిరి ఆడకున్నా వెంటనే దవాఖానకు పోవాలె.

ఇది జబ్బును తీసేసే మందు కాదు, జబ్బుతోటి బతకనిచ్చే మందు. ఆమెకు రూపాయిల పన్నెండణాలు నయమైంది. నొప్పి పోయింది. ఖర్చు మాత్రం మన అసొంటోళ్లకు భారమే, ఒక్కసారికి వేలల్ల పడుతది. నేను నెలనెలా భిశీ కట్టి, దాని పైసలు సూది వంతు అని పక్కకు పెట్టుకుంట వచ్చిన. కొన్ని సార్లు నాలుగు నెలలకు బదులు ఆరు నెలలైంది. ఆ నడుమ రోజులల్ల మళ్ల వేలే దిక్కు. సూదులకు లొంగనోళ్లకు మెదడులకు సన్నతీగెలు పెట్టి, ఛాతీ తోలు కింద బ్యాటరీ పెట్టే ఆపరేషను ఉన్నది. అది లక్షల పని, అందరికీ అక్కరకు రాదు కూడ.

చూపించుకోవాలంటే నరాల డాక్టరు, అంటే న్యూరాలజిస్టు కాడికే పోవాలె. బెంగళూరుల నిమ్హాన్స్, హైదరాబాదుల నిమ్స్, ముంబైల కేఈఎం – ఇవన్నీ నరాల విభాగాలున్న పెద్ద దవాఖానలు. పోయేటప్పుడు ఒక పని చేయండి. ఇంట్ల మనిషి నడుస్తున్నప్పుడు, పని చేస్తున్నప్పుడు ఫోనుల వీడియో తీసుకపోండి. డాక్టరు ముందట ఒక్కోసారి జబ్బు దాక్కుంటది, వీడియోల దాక్కోదు. ఎప్పటి నుంచి, ఏ మందుల తర్వాత, ఎట్ల పట్టుకుంటే తగ్గుతది – ఇవి రాసుకొని పోండి.

చిన్నబిడ్డ ముచ్చట సగంల ఆపిన. 2014 చివరల పుణె నుంచి ఇంకొక సంబంధం వచ్చింది. ఈసారి మా ఇంటామె వేలు దాచుకోలేదు. చెంప మీద పెట్టుకొనే కూసున్నది. పిల్లగాని తల్లి అడుగకముందే తనే చెప్పింది: "అక్కా, నాకు డిస్టోనియా అని జబ్బు. మెడది. అంటుకునేది కాదు, ప్రాణం తీసేది కాదు, బుద్ధికి సంబంధం లేదు." వాళ్లు పిల్లకు వస్తదా అని అడిగిన్రు. డాక్టరమ్మ మాకు చెప్పిందే చెప్పినం: చిన్నప్పుడే మొదలయ్యే రకాలల్ల వంశం పాత్ర ఎక్కువ, నడివయసుల మెడకు వచ్చేదాంట్ల ఎక్కువమందికి ఇంట్ల ఇంకెవరికీ ఉండదు, కొన్ని ఇండ్లల్ల మాత్రం ఉంటది. ఉన్నదున్నట్టు చెప్పినం. పిల్లగాని తల్లి కొంచెం సేపు ఊకున్నది. తర్వాత, "మా అత్తకు కండ్లు గిట్లనే మూసుకపోయేటియి, అందరూ నవ్వేటోళ్లు" అన్నది. పెండ్లయింది. ఇప్పుడు మా చిన్నబిడ్డకు ఇద్దరు పిల్లలు.

మా ఇంటామె ఇప్పుడు వెయ్యి బీడీలు చుట్టది. చాటను ఒడిల కాకుండ ఎత్తు పీట మీద పెట్టుకొని, తల వెనుక గోడకు ఆనించి, నాలుగైదు వందలు చుడుతది. అలసట అనిపిస్తే పండుకుంటది, ఎవరేమనుకుంటరో అని లేవది.

మన వాడల్ల ఎవరి మెడ తిరిగినా, ఎవరి రెప్పలు మూసుకపోయినా, పెన్ను పట్టిన చెయ్యి వంకరపోయినా, వాళ్లకు వైద్యం కంటె ముందు కావాల్సింది ఒకటున్నది. అది పైసలతోటి వచ్చేది కాదు. "నిజమే, నీకు బాధ ఉన్నది" అనే ఒక్క మాట. నవ్వకండి, తేరిపార చూడకండి. తల తిప్పలేని మనిషి రోడ్డు కాడ నిలబడి ఉంటే, ఆ దిక్కు బండ్లు మీరు చూసి చెప్పండి.